కింది బొంత

రాయిస్ మొండిఘటమని ఊళ్ళో అందరికీ తెలుసు గానీ, ఆ మాట రోజూ అనే హక్కు మాత్రం అతని భార్య డెల్ఫియాదే. అనడానికి ఆమెకు కారణం కూడా ఉంది. అడవిలో రెండు చెట్ల మధ్య గుడ్డ ఉయ్యాల కట్టుకుని రాత్రిళ్ళు అందులో పడుకునే పిచ్చి మా కొండల్లో చాలామందికి ఉంది, టెన్నెసీ వైపు వాళ్ళకీ కరోలినా వైపు వాళ్ళకీ కూడా. ఆ పిచ్చివాళ్ళలో సగానికి సగం మంది వాడేది డెల్ఫియా కుట్టిన బొంతలే. పల్చటి గుడ్డని గదులు గదులుగా కుట్టి, ఒక్కో గదిలో బాతుల నూగు ఈకలు కూరి, దూది ముద్దకన్నా తేలిగ్గా ఉండేలా చేస్తుంది. అలాంటి మనిషి మొగుడు మాత్రం తండ్రి కాలంనాటి స్లీపింగ్ బ్యాగులో దూరి, గడ్డం దాకా జిప్పు లాక్కుని పడుకునేవాడు. ఎవరికైనా ఒళ్ళు మండదా మరి.

ఉయ్యాలలో ఎప్పుడూ పడుకోనివాళ్ళకి ఈ గొడవ వింతగా ఉండొచ్చు. నేలమీద పడుకుంటే వీపు కింద నేలైనా ఉంటుంది. ఉయ్యాలలో ఉండేది గాలి. స్లీపింగ్ బ్యాగు ఎంత మందంగా ఉన్నా మనిషి బరువుకి వీపు కింద నలిగి ఉత్త గుడ్డయిపోతుంది, నలిగినచోట వెచ్చదనం ఉండదు. అందుకని తెలిసినవాళ్ళు రెండు బొంతలు పెట్టుకుంటారు. పై బొంత మామూలుగా కప్పుకునేది. కింది బొంతని ఉయ్యాల లోపల పరవరు. బయటివైపు, ఉయ్యాల కడుపుకి ఆనేలా కొక్కేలతో వేలాడదీస్తారు. బరువు దానిమీద పడదు కాబట్టి అది పొంగి ఉంటుంది. పై బొంత లేకపోతే ఉన్న కోట్లన్నీ కప్పుకుని ఎలాగో తెల్లవార్చొచ్చు. కిందిది లేకపోతే చలి వెన్నులోంచి ఎక్కుతుంది, పైన ఎన్ని కప్పినా ఆగదు. డెల్ఫియా తన దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ ఇదే చెప్పేది. ఆమె చెల్లెలు లవోన్‌ని నిద్రలో లేపి అడిగినా ఈ పాఠం తప్పు లేకుండా ఒప్పజెప్పేది.

రాయిస్‌కి ఇది తెలియక కాదు. ప్రతి చలికాలం ముందూ డెల్ఫియా అతని ఒడ్డూ పొడుగూ చూసి ఒక కింది బొంత కుట్టి ఇచ్చేది. ప్రతిసారీ అతను దాన్ని అడవికి తీసుకెళ్ళి, అక్కడ వణుకుతూ కనిపించిన ఏ కొత్తవాడికో ఇచ్చేసి వచ్చేవాడు. వాడికి లేదు కదే, నాకు మా నాన్న సంచి ఉంది కదా అని పెళ్ళాం మొహం చూడకుండా చెప్పేవాడు. ఆ సంచిలోనే వాళ్ళ నాన్న జింకల వేటకి వెళ్ళినప్పుడల్లా పడుకునేవాడట. దాన్ని పక్కన పెట్టడం తండ్రిని పక్కన పెట్టడమే అన్నట్టు ఉండేవాడు. చలేస్తుంది అని మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు.

లవోన్ బడిలో పిల్లలకి వండిపెట్టే ఉద్యోగం చేసేది. మొగుడు వదిలేసి పోయిన ఏడాది ఆమె పని నుంచి ఇంటికీ ఇంటి నుంచి పనికీ తప్ప మరెక్కడికీ కదిలేది కాదు. అప్పుడు రాయిసే వెళ్ళి తలుపు బాది, బలవంతంగా తన బండి ఎక్కించుకుని అడవికి తీసుకెళ్ళాడు. ఏ చెట్టుకి కట్టాలో, పట్టీ ఎంత ఎత్తున చుట్టాలో, ఉయ్యాల్లో ఎలా ఏటవాలుగా పడుకోవాలో చూపించాడు. ఆ రాత్రి ఆమె ఏడ్చి ఏడ్చి నిద్రపోతే మర్నాడు దాని ఊసే ఎత్తలేదు, కాఫీ కాచి కప్పు చేతికిచ్చాడు. లవోన్ మళ్ళీ మనుషుల్లో పడింది అతని వల్లేనని ఆమెకూ తెలుసు, అక్కకీ తెలుసు. బొంతలు మాత్రం ఆమె అక్క దగ్గర తీసుకుంది. అప్పట్నుంచీ బావకీ మరదలికీ సంచీ గొప్పా బొంత గొప్పా అని ఎడతెగని వాదన.

అక్టోబరు చివర మావాళ్ళంతా రోన్ కొండ మీద కలుస్తారు. ముసలీ ముతకా, పెళ్ళాలూ పిల్లలూ, కుక్కలూ, అందరూ వస్తారు. అక్కడ ఉయ్యాల కట్టడానికి పనికొచ్చే చెట్లు తక్కువ. రెండు చెట్ల మధ్య దూరం మరీ ఎక్కువున్నా పనికిరాదు, తక్కువున్నా పనికిరాదు. అందుకని ఒక రోజు ముందే ఎవరో ఒకరు వెళ్ళి, అందరి తరఫునా మంచి చెట్లకి పట్టీలు చుట్టి ఉంచుతారు. పట్టీ ఉన్న చెట్టుని ఇంకెవరూ ముట్టుకోరు. మోకాళ్ళు సరిగ్గా లేని ఎమ్మెట్ తాతకి దారికి దగ్గరగా, పిల్లలున్నవాళ్ళకి నీటి ఊటకి దగ్గరగా, గురకలు పెట్టేవాళ్ళకి దూరంగా, ఇలా ఎవరి చెట్లు వాళ్ళకి చూడాలి. అది బాధ్యత, పరువు కూడా. ఆ ఏడు ఆ పని రాయిస్ మీద పడింది. కుట్టాల్సినవి పేరుకుపోయి డెల్ఫియా రాలేనంటే, లవోన్ తోడు బయల్దేరింది.

ఎత్తైన చోట్ల మంచు పడొచ్చని రేడియోలో చెప్పారు. మా కొండల్లో అక్టోబరులో ఆ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోరు. డెల్ఫియా మొగుడి మూటలో కొత్త కింది బొంత పెట్టబోతే, సందు లేదని తీసి కుర్చీ వీపుమీద పడేశాడు. ఆమె కోపంతో మిషను ముందు కూర్చుని తలెత్తకుండా, పడుండు నీ సంచిలో అంది. ఆమె అతనితో అన్న చివరి మాట అదే.

దారి పొడుగునా లవోన్ అతన్ని ఆడిపోసుకుంటూనే నడిచింది. కిందనుంచి చలెక్కి నడుం పట్టేస్తే నన్ను మోయమనకు అంది. రాయిస్, బొంతలు కావలసింది ఎముకల గూడులాంటి నీకు, నాకు దేవుడే కొవ్వు బొంత కుట్టి పంపాడు అని పొట్ట చరుచుకున్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. జల్లు మొదలైంది. రోడోడెండ్రాన్ పొదల మధ్య దారి బురదగా, ఇరుగ్గా ఉంది.

పైకి వెళ్ళేముందు ఒక వాగు దాటాలి. మామూలు రోజుల్లో చెప్పులు తడవకుండా దాటేదే, ఆ రోజు పిక్కల పైకి వచ్చింది. లవోన్ కర్ర ఊతంతో దాటేసింది. రాయిస్ నడిమధ్యకు వచ్చాక రాయి జారి వెల్లకిలా పడ్డాడు. మూట వీపుకే ఉండడంతో అది అడుగున నీళ్ళలో, అతను దానిమీద. లేవడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. ఒడ్డెక్కాక కూడా నవ్వుతూనే ఉన్నాడు గానీ పెదవులు అప్పటికే నీలంగా మారాయి.

"వెనక్కి పోదాం బావా," అంది లవోన్.

"మళ్ళీ అదే వాగు దాటాలిగా. పైన ఆరబెట్టుకుంటాలే. చెట్లకి పట్టీలు కట్టకుండా దిగిపోతే ఆ ఎమ్మెట్ ముసలాడు నా మొహాన నవ్వుతాడు," అన్నాడు రాయిస్.

నిజం చెప్పాలంటే లవోన్ కూడా గట్టిగా పట్టుబట్టలేదు. వెనక్కి తిరగడం ఆమెకూ ఇష్టం లేదు. ఏడాదంతా ఎదురుచూసిన రోజులు అవి.

పైన స్ప్రూస్ చెట్ల మధ్యకు చేరేసరికి జల్లు మంచువాన అయింది. గాలి కనుమలోంచి దూసుకొస్తోంది. లవోన్ ముందు బట్టలు మార్చుకోమంది. రాయిస్ వినలేదు. వెలుతురు ఉండగానే పట్టీలు చుట్టేయాలి, తర్వాత మార్చుకుంటే పోలా అన్నాడు. తడి బట్టలతోనే ఒక్కో చెట్టు దగ్గరా నిలబడి, ఇది ఎమ్మెట్‌ది, ఇది ఆ కవలల తల్లిది అని లెక్క చూసుకుంటూ పట్టీలు చుట్టాడు. చివర చివర అతని వేళ్ళు కొక్కెం పట్టుకోలేకపోయాయి. ఒకే పట్టీని మూడుసార్లు విప్పి చుట్టాడు. లవోన్ అతని చేతిలోంచి లాక్కుని తను కట్టింది. అప్పుడైనా ఆమె అతన్ని తిట్టి కూర్చోబెట్టాల్సింది. పరాయివాళ్ళ చెట్లన్నీ చక్కగా అయ్యాక గాని వాళ్ళిద్దరూ తమ ఉయ్యాలలు కట్టుకోలేదు. ఇలాంటి బుద్ధితక్కువ పని మావాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యరు.

అతని మూట విప్పితే లోపల అన్నీ నీళ్ళు. పొడిగా మిగిలిన చొక్కా ఒకటి దొరికితే లవోన్ బలవంతాన తొడిగించింది, తన ఉన్ని టోపీ అతని నెత్తిన లాగింది. స్లీపింగ్ బ్యాగు వీపు వైపంతా తడిసి బరువెక్కింది. ఇద్దరూ పట్టుకుని పిండారు. మంట వేద్దామంటే కట్టెలు నానిపోయి ఉన్నాయి, పొగ తప్ప ఏమీ రాలేదు. ఫోను ఆ కొండకి ఆవలివైపున తప్ప పలకదు. లవోన్ చిన్న పొయ్యి మీద వేడి నీళ్ళు కాచి చిక్కుడుగింజల చారు కలిపి ఇచ్చింది. అతను సగం గడ్డం మీద పోసుకున్నాడు. మొక్కజొన్న రొట్టె చేతిలో పట్టుకుని అది తినాలన్న సంగతి మర్చిపోయినట్టు చూస్తూ కూర్చున్నాడు. అప్పటివరకూ వణికినవాడికి కాస్త వణుకు తగ్గడం చూసి లవోన్ కుదుటపడింది. ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు తగ్గడం మంచిది కాదని ఆమెకు తెలుసు. తెలిసీ ఆ ఆలోచనని దగ్గరికి రానివ్వలేదు.

అతన్ని ఉయ్యాలలోకి ఎక్కించి, సంచిలోకి తోసి, జిప్పు లాగింది. పైన టార్పాలిన్ దించి కట్టింది. తన ఉయ్యాల పక్కనే, నాలుగడుగుల దూరంలో ఉంది. దాని కింద అక్క కుట్టిన బొంత పొంగి, వెచ్చగా, పొడిగా వేలాడుతోంది. ఆమె అందులో ఎక్కబోతుంటే రాయిస్ పిలిచాడు. నాలుక మడత పడుతోంది, మాట ముద్దగా వచ్చింది.

"పిల్లా... నడుం కింద మంచుగడ్డ పెట్టినట్టుందే."

ఏళ్ళ తరబడి అతని నోటివెంట ఆమె వినాలనుకున్న మాట అది. ఓడిపోయానని ఒప్పుకున్నట్టే. వేరే రోజైతే ఆ మాట పట్టుకుని ఏడాది పొడుగునా ఏడిపించేది. ఆ సాయంత్రం ఆమెకు నవ్వు రాలేదు, భయం వేసింది. ఎందుకంటే ఆ మాటకి జవాబు ఏమిటో ఆమెకు ఠక్కున తెలుసు. తన ఉయ్యాల కిందున్న బొంతకి నాలుగు కొక్కేలు. వాటిని ఊడదీసి అతని ఉయ్యాలకి తగిలించడం ఎంతసేపు. తన కింద ఏదో ఒకటి, ఖాళీ మూటా, స్ప్రూస్ కొమ్మలూ, పరుచుకోవచ్చు. పైన బొంత ఉంటుంది, తన బట్టలు పొడిగా ఉన్నాయి. రాత్రంతా పళ్ళు బిగబట్టుకుని గడపాల్సి వచ్చేది గానీ చచ్చిపోయేది కాదు. ఇదంతా ఆమె అక్కడ నిలబడి అనుకుంది. తర్వాత అనుకున్నానని తనని తాను మోసగించుకోవడానికి కూడా వీల్లేదు, అప్పుడే అనుకుంది.

గాలి టార్పాలిన్‌ని బాదుతోంది. ఆమె చేతులు అప్పటికే కొయ్యబారాయి. రాత్రి ఇంకా ముందుంది. ఒక్క రాత్రి చలిని తలచుకునేసరికి ఆమె లోపలున్న ఏదో పిరికిది గట్టిగా కొక్కేల్ని పట్టుకుని వదలలేదు.

పై బొంత తీసి తెచ్చి అతని సంచిమీద కప్పింది. చుట్టూ దోపింది. రాయిస్ చెయ్యి సంచిలోంచి బయటికి వచ్చి దాన్ని తడిమింది. డెల్ఫియా మొగుడు కదా, గుడ్డ అంచు పట్టుకోగానే ఏ బొంతో తెలిసిపోయింది.

"పైదా?" అన్నాడు.

"ఇది బాగా వెచ్చగా ఉంటుంది బావా. కప్పుకో."

అతను గుడ్డ అంచు వదిలేసి చెయ్యి లోపలికి లాక్కున్నాడు. తర్వాత, "సరే. నువ్వు జాగ్రత్త," అన్నాడు.

ఆమె తన ఉయ్యాల్లో పడుకుని కోటూ, వానకోటూ, ఉన్న బట్టలన్నీ మీద వేసుకుంది. మొదట్లో రెండుసార్లు పిలిచింది. మొదటిసారి ఊఁ అన్నాడు. రెండోసారి ఊఁ అన్నాడో గాలో ఆమెకు సరిగా తెలియలేదు. లేచి చూడాలనుకుంది. లేస్తే పోగేసుకున్న వెచ్చదనం అంతా పోతుంది. వీపు కింద బొంత పొయ్యి దగ్గర కూర్చున్నట్టు హాయిగా ఉంది. ఇంకో క్షణం ఆగి లేద్దామనుకుంటూనే ఆమె నిద్రపోయింది. మంచి నిద్ర పట్టింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమెని తినేసింది మరేదీ కాదు, ఆ నిద్రే.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. గాలి ఆగింది. చెట్లకి చుట్టిన పట్టీలన్నిటి మీదా మంచు పేరుకుని ఉంది. లవోన్ దిగి వెళ్ళి రాయిస్ చెంపమీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి వెంటనే తీసేసింది. పేరు పెట్టి పిలిచింది. భుజం పట్టి ఊపితే మనిషీ ఉయ్యాలా కలిసి ఒక్క ముద్దగా ఊగాయి.

అప్పుడు ఆమె ఒక పని చేసింది. పరుగున తన ఉయ్యాల దగ్గరికి వెళ్ళి కింది బొంత కొక్కేలు ఊడదీసి తెచ్చింది. వంగి అతని ఉయ్యాల కిందకి దూరి ఒక్కో మూలా తగిలించసాగింది. మొదటి కొక్కెం తగిలించేటప్పుడు ఆమెకి ఇంకా ఆశ ఉంది, వెచ్చబడతాడు, కళ్ళు తెరుస్తాడు అని గొణుక్కుంటూనే ఉంది. రెండోది తగిలించాక చేతికి అతని వీపు చల్లదనం గుడ్డలోంచి తగిలి అంతా అర్థమైంది. మిగతా రెండూ మాత్రం ఎందుకు తగిలించిందంటే, పొద్దున్నే వచ్చేవాళ్ళు చూస్తారని. ఆ సంగతి తగిలిస్తుండగానే ఆమెకి తెలుసు. తెలిసినా చేతులు ఆగలేదు.

ఎమ్మెట్ తాత అల్లుణ్ణి వెంటబెట్టుకుని పొద్దుటే పైకి వచ్చాడు. రాత్రి వాతావరణం చూసి కంగారుపడి తొందరగా బయల్దేరాడట. అతనికి కనిపించింది ఇది: అందరి చెట్లకీ పట్టీలు కట్టి ఉన్నాయి. రాయిస్ మీదా, రాయిస్ కిందా డెల్ఫియా కుట్టిన బొంతలు రెండూ ఉన్నాయి. పక్కన తడి నేలమీద కోటు మాత్రం కప్పుకుని, వణుకుతూ, లవోన్ కూర్చుని ఉంది. ఆమె ఉయ్యాల ఒట్టి గుడ్డలా వేలాడుతోంది. ముసలాయన తన కోటు విప్పి ఆమెకి చుట్టాడు.

"రెండూ ఇచ్చేశావా తల్లీ," అన్నాడు.

ఆమె కాదనలేదు. అవుననీ అనలేదు. ఆ ఒక్క నిమిషం నోరు విప్పి ఉంటే మిగతాదంతా వేరేగా ఉండేది. ఏడుపు ముంచుకొచ్చి ఆయన చొక్కాలో మొహం దాచుకుంది, ఆయన దాన్ని జవాబు అనుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆ మాట ఆమె చేతిలో లేదు. రాయిస్‌ని కిందికి దించేలోపే కొండమీద అందరికీ తెలిసింది. అంత్యక్రియల్లో పాస్టర్ గారు ఆమెని పేరుపెట్టి లేచి నిలబడమన్నారు. మంచు కురిసే రాత్రి ఒంటిమీదున్నదీ ఒంటికిందున్నదీ తీసి ఇచ్చిన మనిషి మన మధ్య ఉండడం మన అదృష్టం అన్నారు. తెలియని ఆడవాళ్ళు వచ్చి చేతులు పట్టుకున్నారు. ఆమె ఇంటి గుమ్మంలో రోజూ ఎవరో ఒకరు పంది మాంసం వంటకాలో, యాపిల్‌పళ్ళ తీపి రొట్టెలో పెట్టి పోయేవారు. లవోన్ వాటిని తినలేక, పారేయలేక చచ్చింది. అక్కకి చెప్పేయాలని రోజూ బయల్దేరేది. వాకిట్లో అక్క ఎర్రబడ్డ కళ్ళు చూడగానే నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. డెల్ఫియాకి ఆ చెల్లెలు తప్ప ఇంకెవరూ మిగల్లేదు. చెబితే ఆ మిగిలిన ఒక్కర్నీ తనే తీసేసినట్టవుతుందని ఒక సాకు కూడా దొరికింది. సాకు నిజంలాగే ఉండేది, అదే పెద్ద బాధ.

కొన్నాళ్ళకి డెల్ఫియా ఫోను చేసి రమ్మంది. లవోన్ వెళ్ళేసరికి మిషను పక్కనున్న పెద్ద బల్లమీద బొంతలు రెండూ పరిచి ఉన్నాయి. పోలీసుల దగ్గర్నుంచి అప్పుడే వచ్చాయట. ఉతికి బాగుచేద్దామని విప్పాను అంది. గొంతు మామూలుగానే ఉంది.

డెల్ఫియా పై బొంత లేపి చూపించింది. అది ఎండినా మచ్చలు పడి ఉంది, నూగు గడ్డలు గడ్డలుగా ముద్దయి ఉంది. తర్వాత కింది బొంత లేపింది. అది కుట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. గదులన్నీ పొంగి, అంచులు తెల్లగా, ఒక్క మరకైనా లేకుండా.

"ఆయన సంచి వీపంతా నీళ్ళు కదా. ఉయ్యాల గుడ్డలోంచి ఆ నీళ్ళన్నీ దీంట్లోకి దిగాలి. రాత్రంతా ఆయన కింద ఉంటే ఇది నా చేతిలో పిండితే కారాలి," అంది డెల్ఫియా.

లవోన్ బల్ల అంచు పట్టుకుంది.

"ఎప్పుడు కట్టావే దీన్ని?"

"తెల్లారాక."

"అప్పటికి?"

"పోయాడు అక్కా."

డెల్ఫియా కుర్చీలో కూర్చుంది. రాయిస్ పడేసి పోయిన కొత్త బొంత ఇంకా ఆ కుర్చీ వీపుమీదే ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టలేదు, దానిమీదే వాలింది. లవోన్ ఆమె తిడుతుందనీ కొడుతుందనీ ఎదురుచూసింది. కొట్టినా బాగుండేది.

"అడిగాడా?" అంది డెల్ఫియా చివరికి.

ఇక్కడ అబద్ధం చెప్పడానికి వీలుంది. అడగలేదు అంటే అది నిజమే, అతను ఇయ్యమని నోరు తెరిచి అడగలేదు. లవోన్ ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చి మింగేసింది. ఇన్నాళ్ళకి ఆమె చేసిన ఒకే ఒక్క మంచి పని అది.

"నడుం కింద చలిగా ఉందన్నాడు. నేను పైది ఇచ్చాను. పైదా అన్నాడు. తెలిసింది అక్కా ఆయనకి. సరే అన్నాడు. నన్ను జాగ్రత్తగా ఉండమన్నాడు."

డెల్ఫియా ఏడవడం మొదలుపెట్టింది. లవోన్ దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. తనే కళ్ళు తుడుచుకుంది.

లవోన్ నేలమీద కూర్చుని, ఆదివారం చర్చిలో లేచి అందరి ముందూ చెప్పేస్తానంది. పాస్టర్‌కి చెబుతాను, ఎమ్మెట్‌కి చెబుతాను, అందరూ నా మొహాన ఉమ్మినా సరే అంది. ఆ మాటలు అంటుంటే ఆమెకు కాస్త గుండె తేలికపడింది. అది డెల్ఫియా చూసింది.

"చెప్పవు," అంది.

"అక్కా..."

"చెప్పేసి తేలికపడదామనుకుంటున్నావు. ఉమ్మితే ఉమ్ముతారు, నాలుగు రోజులకి పాపం అంటారు, ఐదో రోజు క్షమిస్తారు. నేను చెప్పనివ్వను. మీ బావ కింద వెచ్చగా పడుకుని పోయాడని వాళ్ళంతా అనుకుంటున్నారు. అనుకోనీ. ఆయన్ని చలికి గడ్డకట్టి పోయినవాడిగా నలుగురి నోళ్ళలో నేను పడెయ్యను. నిన్ను మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా నువ్వు నిలబడి విను."

కింది బొంతని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతుల్లో పెట్టింది. ఇది నీదే, నీకే కుట్టాను, తీసుకుపో అంది. లవోన్ దాన్ని బండిలో పక్క సీటులో పెట్టుకుని ఇంటికి వెళ్ళింది. అది బరువే లేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక బయట మెట్ల దగ్గర ఎమ్మెట్ తాత కర్ర ఊతంతో నిలబడి, కొత్తగా ఊళ్ళోకొచ్చిన ఒక జంటకి ఆ కథ చెబుతున్నాడు. లవోన్ పక్కనుంచి తప్పుకోబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు లాగి, ఇదిగో, ఈ అమ్మాయే అన్నాడు. కొత్తావిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, నిజంగా రెండూ ఇచ్చేశారా అండీ అని అడిగింది.

లవోన్ చెయ్యి విడిపించుకోబోయింది. వెనక నుంచి డెల్ఫియా వచ్చి చెల్లెలి భుజంమీద చెయ్యి వేసింది.

"అవునండీ. రెండూ ఇచ్చేసింది," అంది డెల్ఫియా. చెయ్యి తియ్యకుండా, చెల్లెలు బదులిచ్చేదాకా అక్కడే నిలబడింది.

లవోన్ తల వంచుకుని, థాంక్సండీ అంది.